నీ పేరు మీద నేను చెప్పిన మాట

బెర్గమో, ఇటలీ
19 నవంబర్ 2001

అమ్మకు,

నీ బిడ్డ ఝాన్సీ దండం పెట్టి రాసుకునేది. ప్రభువు దయవల్ల నేనీడ పానంతోని మంచిగనే ఉన్న. మేడ్చల్‌ల నువ్వు, నీ అల్లుడు ప్రతాప్, నా బిడ్డ రోజా సల్లగ ఉన్నరని నమ్మి ఈ కాయితం మొదలుపెడుతున్న.

మన హాస్టల్ సిస్టరమ్మ పోయిన సంగతి ఫాదర్‌గారు ఇప్పటికే ఇంటికొచ్చి చెప్పి ఉంటరు. పోయిన బుధవారం పొద్దుగాల పోయింది. కష్టపడలే. పాలు తాగిపిచ్చి నేను గిన్నె కడుక్కొచ్చే లోపల అయిపోయింది. శుక్రవారం మన్ను చేసిండ్రు. ఇన్నేండ్ల నుంచి దవఖానల నర్సు పని చేస్తున్న, ఎంతమంది కండ్లో మూసిన. ఆమె కండ్లు గూడ నేనే మూసిన.

నా టికెట్టు డిసెంబర్ ఎనిమిదికి. అప్పటిదాక ఆగి ఎదురుంగ కూసొని చెప్పొచ్చు. ఫోన్ల చెప్పుదామంటె ఫాదర్‌గారి ఆఫీసుల నలుగురి ముంగట నువ్వు ఫోను పట్టుకొని నిలబడాలె. అందుకే రాస్తున్న. నేను ఇంటికొచ్చేలోపల ఈ మాటతోని నువ్వు కొన్ని దినాలు ఒక్కదానివే ఉండాలె అనిపించింది. నువ్వు అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుతవని ఎరికే, పెద్దపెద్దగ, విడివిడిగ రాస్తున్న. ఎన్ని దినాలు పట్టినా నువ్వే చదువు. నీ అల్లునితోని చదివించుకోకు. ఆయన మీద నమ్మకం లేక కాదు. ఎందుకో చదువుతుంటె నీకే తెలుస్తది.

ముందు నీ కాయితంల అడిగినయాటికి జవాబు చెప్త.

సలి మస్తుంది. నువ్వు పంపిన ఉన్ని శాలువ మీద వాళ్లిచ్చిన కోటు ఏసుకుంటున్న. వేన్నీళ్లు నల్లలనే వస్తయి, నా గురించి పరేషాన్ కాకు. అన్నం దొరుకుతదా అన్నవు. సిస్టర్ల మఠంల నా కోసం వారానికి రెండుసార్లు బియ్యం వండుతున్నరు, కని గంజి తీరు, జిగట జిగటగ ఉంటది. నేను తెచ్చుకున్న కారంపొడి, చింతకాయ తొక్కు తోని వెళ్లదీస్తున్న. రోజా దగ్గు తగ్గకపోతె నీ అల్లునితోని సుచిత్ర చౌరస్తల నేను పనిచేసే దవఖానకు పంపు, డాక్టరమ్మకు నా పేరు చెప్పుమను, వెనుకటి మందు సీసనే తాగిపియ్యకు. మన దిక్కు లెక్కనే ఈడ గూడ గుట్టల పొంటి ద్రాక్ష తోటలున్నయి. షామీర్‌పేట తొవ్వల పోతున్నట్టే అనిపిస్తది, కని మనుషులు పలకరిస్తె ఒక్క ముక్క సమజ్ కాదు.

నీ కాయితం చివరికి ఇంకో మాట అడిగినవు. "సిస్టరమ్మ నన్నెప్పుడన్న యాద్ చేసిందా?" అని. అన్నిటికంటె చిన్న అక్షరాలతోని రాసినవు దాన్ని. ఆ ఒక్క మాటకు జవాబే ఈ కాయితం అంతా.

నన్ను ఎందుకు పిలిపిచ్చిండ్రో నీకు పూర్తిగ చెప్పలే అప్పుడు. రెండేండ్ల కింద ఈడికి తీస్కచ్చినంక సిస్టరమ్మకు మతిమరుపు రోగం ముదిరింది. సొంత భాష మెల్లమెల్లగ జారిపోయింది. నలభై మూడేండ్లు మన హాస్టల్‌ల మాట్లాడిన తెలుగు మాత్రం మిగిలింది. మఠంల ఒక్కరికి గూడ తెలుగు రాదు. ఆమె ఆకలంటె వీళ్లు దుప్పటి కప్పుతున్నరు, దుప్పటంటె నీళ్లిస్తున్నరు. ఆమె తమ్ముని బిడ్డ లుచియా బడిల పంతులమ్మ, ఆమెకు ఇంగ్లీషొస్తది. ఆమెనే మన ఫాదర్‌గారికి రాసి, తెలుగొచ్చిన నర్సు కావాలె, రెండు నెలలు పంపమని అడిగింది. హాస్టల్‌ల పెరిగినదాన్ని, సిస్టరమ్మ సదివిచ్చినదాన్ని, ఫాదర్‌గారికి నా పేరే మొదలు యాదికొచ్చింది.

నేను బయల్దేరేటప్పుడు అందరు ఏదో ఒకటి ఇచ్చిండ్రు సిస్టరమ్మకు. మన వాడ బాలనర్సమ్మ గూడ, గుడికి పోయే మనిషి, సకినాలు చేసి ఇచ్చింది. నువ్వే ఏమియ్యలే. "పోయి చూసుకో" అన్నవు, అంతే. ముప్ఫై ఏండ్లు ఆమె హాస్టల్‌ల వండినదానివి, ఒక్క మాటన్న పంపకపోతివి అని నాకు లోపల కోపమొచ్చింది. అది గూడ ఇయ్యాల చెప్పుకుంటున్న.

నేనొచ్చిన కొత్తల సిస్టరమ్మ నన్ను గుర్తుపట్టలే. తెలుగు మాట చెవిల పడంగనే మాత్రం మొకం ఇప్పారింది. తిన్నది, నవ్వింది. కని సాయంత్రం కాంగనే కిటికి దిక్కు చూసి "జీపు, జీపు" అని ఒర్రేది. కుర్చీల నుంచి లేవబొయ్యేది. మఠపోళ్లు ఆమె ప్రభువును పిలుస్తుందనుకున్నరు. వాళ్ల భాషల యేసును జెజు అంటరు, రెండూ ఒక్కతీరు వినిపిస్తయి. పాపం, చుట్టు నిలబడి వాళ్లు గూడ ప్రార్థన చేసేది. నాకు జీపు అన్నట్టే వినపడింది, కని ఊర్లు తిరిగిన మనిషి గద, జీపెక్కాలనిపిస్తుందేమో అనుకున్న.

నవంబర్ నాలుగు, ఆదివారం. సిస్టరమ్మకు డెబ్భై ఏడు నిండినయి. లుచియా ముందుగాలనే ఒక హోటల్‌ల బల్ల చెప్పిపెట్టింది. గుట్ట మీద పాత ఊరున్నది, చుట్టు కోటగోడ. అందుల నూరేండ్ల హోటలది. దాని పేరు మన నోటికి తిరగదు. దేశదేశాల నుంచి వచ్చి తింటరంట, పదిహేను దినాల ముందు ఫోను చెయ్యకపోతె జాగ దొరకదంట. గోడల నిండ పెద్దపెద్దోళ్లు వచ్చి తిన్న ఫోటోలు. సిస్టరమ్మ ఇండియాకు ఓడ ఎక్కే ముందు వాళ్ల నాయిన ఆమెకు ఆడనే తినిపిచ్చి సాగనంపిండంట. మల్ల ఆడ కూసోబెడితె పాత యాది ఏమన్న మర్లుతదేమో అని లుచియా ఆశ.

తెల్లబట్టలు పరిచిన బల్లలు, ఒక్కొక్కరికి మూడేసి గాజు గ్లాసులు. నేను చీర మీద కోటేసుకొని కూసున్న. మా బల్లకు వడ్డించేటాయన ముసలాయన, మస్తు మర్యాద. ముందుగాల గరిజెల లెక్క మడతపెట్టిన పిండి రేకులు తెచ్చిండు, లోపల మాంసం, మీద కరిగిచ్చిన వెన్న. నాకు రుచిగనే ఉన్నది. లుచియా ఆశగ సిస్టరమ్మ దిక్కు చూస్తాంది. సిస్టరమ్మ ఒక్కటి నోట్ల పెట్టుకొని ఊకున్నది. ఫోటోలు చూపిస్తె చూడలే. లుచియా వాళ్ల భాషల ఏదో చెప్పుకుంట చెయ్యి నిమిరింది, పలకలే.

అప్పుడు ఆ ముసలాయన ఒక రాగి గిన్నె తెచ్చి మా ముంగట చెక్క పలక మీద బోర్లించిండు. పచ్చగ, పొగలు కక్కుకుంట ఒక ముద్ద. దారంతోని కోసి తలా ఒక ముక్క పెట్టిండు. అమ్మా, అది మక్క గట్క. మనం మక్కరవ్వతోని కెలికే గట్కనే. దేశదేశాల నుంచి వచ్చి తినేది గిదా అని నాకు నవ్వొచ్చింది.

సిస్టరమ్మ వంగి దాని వాసన చూసింది. తల లేపి నా దిక్కు చూసింది. నేనొచ్చి నెలయింది, అట్ల ఎన్నడు చూడలే.

"ఏసమ్మా, గట్కల సల్ల పొయ్యవా?" అన్నది.

నన్ను నువ్వే అనుకున్నది.

నేను లుచియాకు చెప్పిన. పెరుగు చిలికిన సల్ల ఆ దేశంల యాడ దొరుకుతది? లుచియా అడిగితె ఆ ముసలాయన ఒక గిన్నెల సల్లటి పాలు తెచ్చిండు. వాళ్లమ్మ గూడ గట్క పాలల్లనే పిసుక్కొని తినేదంట. సిస్టరమ్మ పాలు పోసుకొని చేతితోని కలుపుకున్నది. పక్క బల్లలోళ్లు చూసిండ్రు. లుచియా మొకం ఎర్రగయింది. నేను చెంచ పక్కకు పెట్టి నేను గూడ చేతితోని కలుపుకొని తిన్న, ఆమె ఒక్కతె కాకుండ. ఇట్ల మేమిద్దరం తింటుంటె ఆమె మెల్లగ అడిగింది.

"ఏసమ్మా, పిలగానికి పానం ఎట్లున్నది?"

"ఏ పిలగాడు సిస్టరమ్మా?"

"మోషే. పొద్దుగాల చంకలేసుకొని వస్తివి గద. ఒళ్లు నిప్పు లెక్క కాలుతుందంటివి."

నా చెయ్యి ఆగిపోయింది. మోషే అన్న నేను పుట్టకముందే పోయిండు. మన ఇంట్ల ఆ పేరు ఎవ్వరు తియ్యరు. నాయిన తాగొచ్చినప్పుడు తీసేది, నిన్ను కొట్టనీకె.

"జీపు ఇయ్యమంటివి," అన్నది సిస్టరమ్మ. "సికింద్రాబాద్ దవఖానకు తీస్కపోతనంటివి. నేనియ్యకపోతిని. జీపు స్టేషన్‌కు పోవాలె, బిషప్‌గారు దిగుతరు, నువ్వు పోతె వంటెవరు చేస్తరంటిని. అన్నాలైనంక పొమ్మంటిని. ఆయన ఆలస్యంగొచ్చె. నువ్వు వడ్డిస్తనే ఉంటివి. బియ్యం బస్తాల అర్రల పిలగాడు ఏడ్చుడు నాకు వినపడె, ఏసమ్మా. తర్వాత ఏడ్చుడు బంద్ అయె. నిద్రపోయిండనుకున్న."

పక్క బల్ల మీద ఎవరిదో పుట్టినరోజు, చప్పట్లు కొడుతున్నరు.

"నీ పెనిమిటి ఓదెలు వచ్చి అడిగితె ఏం చెప్పిన్నో ఎరికేనా? ఏసమ్మ నాకు మాపటిదాక చెప్పనే లేదన్న. ఫాదర్‌గారికి గూడ గట్లనే చెప్పిన. పచ్చి అబద్ధం. నువ్వు ఆడనే తలుపు కాడ నిలబడి ఉన్నవు. నా దిక్కు చూసినవు. ఎందుకు ఏమనలే నువ్వు? ఒక్క మాటంటె నేను ఒప్పుకుందును గద."

లుచియా ఇంగ్లీషుల అడిగింది, "ఏమంటాంది అత్తయ్య?" అని.

"పాలు ఇంకిన్ని అడుగుతాంది," అన్న.

సిస్టరమ్మ పాలు, గట్క అంటిన చేతితోనే నా చెయ్యి పట్టుకున్నది. "నన్ను మాఫ్ చేస్తవా, ఏసమ్మా?" అన్నది.

అమ్మా, చదువుడు ఈడ జర ఆపు. నీళ్లు తాగి మల్ల చదువు.

నేను, "చేసిన, సిస్టరమ్మా," అన్న.

నిన్ను అడగకుండ, నీకు తెల్వకుండ, నీ పేరు మీద అన్న. ఆమె సచ్చేదాక నేను ఏసమ్మనే అనుకొని సచ్చింది. ఎందుకన్ననో ఈ పదిహేను దినాల నుంచి ఆలోచిస్తనే ఉన్న. నర్సును గద, నొప్పి అని ఎవరన్న చెయ్యి సాపితె నా చెయ్యి దానంతటదే ముంగటికి పోతది. అది ఒకటి. ఆమె పెట్టిన తిండి తిని, ఆమె సదివిచ్చిన సదువు సదివి ఈ బతుకు బతుకుతున్న, నా నోరు వేరే మాట ఎట్ల పలుకుతది? అది ఇంకొకటి. ఇవి కారణాలు, అంతే. నువ్వు ముప్ఫై మూడేండ్లు మోసిన దాన్ని మాఫ్ చేసే హక్కు నాకు ఎక్కడిది? నేను ఇంక నీ కడుపుల గూడ పడలే ఆ దినం.

ఆమె ఆ పూట గిన్నె మొత్తం తిన్నది. కార్ల నా భుజం మీద తల పెట్టి పండుకున్నది. ఆనాటి నుంచి మల్ల జీపు అనలే. మఠపోళ్లు నెమ్మదయింది, దేవుని దయ అన్నరు. పది దినాలకు పోయింది.

ఇగ నా సంగతి. పదో తరగతిల ఉన్నప్పుడు హాస్టల్ పిల్లలతోని చార్మినార్ సూడబోతనంటె నువ్వు ఒద్దన్నవు, నాకు జ్వరమున్నదని. అప్పుడు నేనొక మాటన్న. "కొడుకుకు జ్వరమొస్తె వంట చేసుకుంట కూసున్నదానివి, నా జ్వరం నీకెందుకు?" అన్న. నాయిన నోట్లకెల్లి విన్న మాటనే నీ మీదికి ఇసిరిన. నువ్వు తిరిగి ఏమనలే. పొయ్యి మీది కుండ దించి బయటికి పోయినవు. నువ్వు మర్చిపోయినవేమో. నేను మర్చిపోలే, కని అది నిజమే అన్న నమ్మకంతోని బతికిన ఇన్నేండ్లు. మా అమ్మ మంచిదే కని ఆ ఒక్క దినం అజాగ్రత్త చేసిందని, పెద్ద మనసు ఉన్నదాని లెక్క లోపల్లోపల నేనే నిన్ను మాఫ్ చేసుకుంట వచ్చిన. తలుచుకుంటె సిగ్గయితాంది.

నువ్వు ఎందుకు నోరు తెరవలే, అమ్మా? నాయిన దొరసానమ్మ అబద్ధమాడుతదా అని నిన్ను నమ్మడనుకున్నవా? పని పోతదనుకున్నవా? నేను పుట్టినంక నా సదువు ఆగుతదని అనుకున్నవా? చివరిదే అయితె, నాకు చెప్పకు. ఆ బరువు నేను మొయ్యలేనేమో. లేదు, చెప్పు. ఏదైనా చెప్పు. నాయిన నిన్ను అనుమానంతోనే సూసుకుంట పోయిండు, ఆయనకు ఇగ ఎవ్వరం చెప్పలేం. నాకన్న చెప్పు.

నేను రోజు డ్యూటీకి ఎక్కే బస్సు ఆ తొవ్వనే పోతది. ఆ మాపు దవఖానకు తీస్కపోతుంటె జీపుల పేట్ బషీరాబాద్ దాటినంక అన్న పానం పోయిందని చిన్నప్పుడు అవ్వ చెప్తె విన్న. ఇప్పుడు ఆడ అపార్ట్‌మెంట్లు, దుకాండ్లు. నువ్వు ఎన్నడు సుచిత్ర దిక్కు బస్సు ఎక్కవు, నా దవఖాన సూడనీకె గూడ రాలే. పట్నం గాలి పడదంటివి. నేను నమ్మిన.

సిస్టరమ్మను వాళ్ల ఊర్లనే, వాళ్ల అమ్మానాయినల పక్కన మన్ను చేసిండ్రు. వాన పడుతుండె. ప్రార్థన అయినంక లుచియా నా పక్కకొచ్చి నిలబడి అడిగింది, "ఆ దినం హోటల్‌ల పాలు అడుగుడు కాదు గద. నువ్వు ఏడ్చినవు, నేను చూసిన," అని. నేనిగ దాయలే. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. మోషే అన్న సంగతి, జీపు సంగతి, అబద్ధం సంగతి. ఆమెకు వాళ్ల అత్తయ్య అంటె దేవతనే. చెప్పి తప్పు చేసిన్నేమో అనుకున్న. తర్వాత ఆమెనే అడిగింది.

"మీ అమ్మ ఏమంటది?"

"నాకు తెల్వదు," అన్న.

అందరు ఒక్కొక్కరు వచ్చి పిడికెడు మన్ను ఏస్తున్నరు. నేనొక పిడికెడు ఏసిన, నాకు తిండి పెట్టి సదివిచ్చిన మనిషికి. లుచియా ఇంకో పిడికెడు మన్ను తీసి నా చేతిల పెట్టింది. "మీ అమ్మ పేరు మీద ఇది ఎయ్యి," అన్నది. తడి మన్ను, సల్లగ ఉన్నది. నేను గుంత ఒడ్డు మీద నిలబడి, ఎంతసేపు నిలబడిన్నో, ఎనకోళ్లు ఆగిండ్రు.

ఎయ్యలే, అమ్మా. పక్కకు వచ్చి గడ్డిల ఇడిచిపెట్టిన. నిన్ను అడగకుండ ఒక్కపారి నీ మాట నేను మాట్లాడిన. రెండోపారి ఆ పని చెయ్యలే. ఆమె మీద నువ్వు మన్నేస్తవో ఎయ్యవో, అది నీది.

ఇట్లు,
నువ్వేమన్న పడనీకె సిద్ధంగున్న నీ బిడ్డ,
ఝాన్సీ